నాగా లేని వాడిక: ఆటో రెన్యువల్‌కు మనం ఎందుకు తలూపుతాం

(హనుమకొండలో విశ్రాంత ఉద్యోగులు, డిగ్రీ విద్యార్థులు కలిసి జరుపుకున్న సభలో ఒక కామర్స్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, కుర్చీలు దొరక్క వెనుక నిలబడ్డ మా పిల్లలకు కూడా.

పోయిన వానాకాలంలో ఒకరోజు మా బాపును తీసుకుని బ్యాంకుకు వెళ్లాను, పాస్‌బుక్ ప్రింట్ చేయించడానికి. ఆయన కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరయ్యారు. పెన్షన్ పడుతుంది, నెల మొదట్లో కొంత తీసుకుంటారు, మిగతాది అందులోనే ఉంటుంది. ఏడాదికి పైగా పాస్‌బుక్ ప్రింట్ కాలేదు. మిషన్‌లో పెడితే పేజీలకు పేజీలు వచ్చాయి. ఇంటికొచ్చి చూస్తుంటే ప్రతి నెలా ఏడో తారీఖున ఒకే అంకె కనిపించింది. 149. లెక్కపెట్టాను. పద్నాలుగు సార్లు. మొత్తం 2,086 రూపాయలు.

"ఇదేంది బాపూ?" అని అడిగాను.

"బ్యాంకోళ్లు ఏదో చార్జీ పట్టుకుంటున్నరనుకున్న బిడ్డా. నూటయాభై రూపాయలకు నిన్నెందుకు పరేషాన్ చేసుడని అడగలే" అన్నారు.

తీరా చూస్తే అది ఒక జాతకాల యాప్. ఒక్క రూపాయి కడితే ఏడు రోజులు చూసుకోవచ్చని ఫోన్‌లో ప్రకటన వచ్చింది. రూపాయే కదా అని ఆయన పిన్ కొట్టారు. నాలుగు రోజులకే విసుగొచ్చింది. ఫోన్ నిండిపోతోందని మా అబ్బాయితో ఆ యాప్ తీసేయించారు కూడా. యాప్ పోయింది కానీ ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతటదే తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి, పోలేదు. అది యాప్‌లో ఉండదు, మన యూపీఐలో, బ్యాంకులో ఉంటుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాతికేళ్లుగా కామర్స్ చెప్తున్న నేను కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. అందుకే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

బీకాం పిల్లలకు కాంట్రాక్ట్ చట్టం చెప్పేటప్పుడు ఏటా ఒక గుర్రం కథ చెప్తాను. ఇంగ్లండ్‌లో 1862లో తీర్పు వచ్చిన కేసు, ఫెల్త్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. ఒక పెద్దాయన తన అన్నదమ్ముల కొడుకు దగ్గరున్న గుర్రాన్ని కొనాలనుకున్నాడు. ఇంత ధర ఇస్తాను, నీ నుంచి మళ్లీ మాట రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను అని ఉత్తరం రాశాడు. ఆ అబ్బాయి జవాబు రాయలేదు. అమ్మాలనే మనసులో అనుకున్నాడు, వేలంపాట పెట్టే బిండ్లీకి ఆ గుర్రాన్ని పక్కన పెట్టమని చెప్పాడు కూడా. బిండ్లీ పొరపాటున దాన్నీ వేలంలో అమ్మేశాడు. కోర్టుకు వెళితే, గుర్రం ఆ పెద్దాయనది కాలేదన్నారు. ఎందుకంటే అబ్బాయి ఒప్పుకున్నట్టు ఆయనకు చెప్పలేదు. మౌనం ఒప్పుకోలు కాదు. మన 1872 కాంట్రాక్ట్ చట్టం కూడా సమ్మతిని తెలియజేయాలనే అంటుంది.

బాపు సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, మౌనం ఒప్పుకోలు కాదన్నారు కదా. తాత పద్నాలుగు నెలలు ఏమీ అనలేదు. మరి డబ్బులు ఎట్ల పోయినయ్?" నేను చాలా సేపు ఆలోచించి జవాబు చెప్పాను. ఆ కంపెనీ ఆయన మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోలేదు. ఒప్పుకోలును మొదటి రోజే తీసేసుకుంది. రూపాయి కోసం కొట్టిన ఆ పిన్‌లోనే రాబోయే నెలలన్నీ మడిచి పెట్టి ఉన్నాయి. ఆ స్క్రీన్ మీద ఎంత వరకు తీసుకోవచ్చు, ఎన్ని రోజులకోసారి తీసుకోవచ్చు అని రాసే ఉంటుంది. కాని పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం రూపాయి. మనిషి తన చేతిలోంచి ఇప్పుడు పోయేదాన్నే చూస్తాడు.

అంటే మనం రెన్యువల్‌ను ఎందుకు ఒప్పుకుంటున్నాం అన్న ప్రశ్నలోనే తిరకాసు ఉంది. రెన్యువల్‌ను మనం ఒప్పుకోవడం లేదు. మనం ఒప్పుకున్నది రూపాయి ట్రయల్‌ను. "వద్దు" అని చెప్పే పనిని మాత్రం తర్వాతి నెలల్లో ఉండే మన మీద వేసి వచ్చాం. ఆ మనిషికి అప్పటికి వేరే టెన్షన్లు ఉంటాయి.

అయినా అంత సులువుగా ఎందుకు వేసి వస్తాం? దీనికి నాకు తోచిన కారణం పుస్తకాల్లోది కాదు, మన ఇళ్లలోది.

మనందరం వాడిక పాలతో పెరిగినవాళ్లం. మా చిన్నప్పుడు కుమార్‌పల్లిలో ఉండేవాళ్లం. హసన్‌పర్తి వైపు నుంచి ఒక తాత సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని వచ్చి పాలు పోసేవాడు. ఏటా అగ్రిమెంటు లేదు, సంతకం లేదు. ఒకసారి మొదలుపెడితే అదే నడుస్తూ ఉండేది. పేపరు అంతే, చాకలి పద్దు అంతే, కిరాణా ఖాతా అంతే. వద్దనే దాకా వస్తూనే ఉండడమన్నది మనకు అలవాటైన పద్ధతి, మర్యాదైన పద్ధతి. రోజూ పొద్దున్నే "ఇవాళ పోయాలా?" అని అడిగితే అది అనుమానించినట్టు ఉంటుంది.

కాని ఆ వాడికకు ఒక పగ్గం ఉండేది. మా అవ్వ గోడ మీది క్యాలెండర్‌లో నాగాలు రాసేది. తాత రాని రోజు నాగా, మేం ఊరెళ్లిన రోజు నాగా. "రేపు, ఎల్లుండి నాగా" అని ముందు రోజు గిన్నె పట్టుకునే చెప్పేది. నెలాఖరుకు తాత గడప మీద కూర్చునేవాడు, ఇద్దరూ క్యాలెండర్ చూసి లెక్క తేల్చేవాళ్లు, అప్పుడు డబ్బు చేతులు మారేది. మానేయాలంటే "ఒకటో తారీఖు నుంచి వద్దు తాతా" అంటే చాలు. "ఏమైంది బిడ్డా, పాలు పల్చగున్నయా?" అని ఒక మాట అడిగి ఊరుకునేవాడు. మొదలుపెట్టడానికి ఎంత మాట కావాలో, మానడానికీ అంతే మాట.

ఇప్పుడు ఫోన్‌లో వచ్చేది ఆ వాడిక లాగే కనిపిస్తుంది. ఒకసారి మొదలుపెడితే చాలు, రోజూ అడగం, మీకు శ్రమ లేదు అంటారు. మన మనసు పాలు పోసే తాతను నమ్మినట్టే దాన్ని నమ్ముతుంది. కాని ఇందులో నాగా లేదు. ఊరెళ్లినా, యాప్ ముట్టకపోయినా, చివరికి యాప్ తీసేసినా లెక్క నడుస్తూనే ఉంటుంది. అక్కడ పాలు ఇంట్లోకి వచ్చాక, లెక్క తేలాక డబ్బు బయటికి పోయేది. ఇక్కడ సందుగ తాళంచెవి వాళ్ల చేతికి ఇచ్చాం. వాళ్లే వచ్చి తీసుకుంటారు, మనం ఇంట్లో ఉన్నామో లేమో కూడా చూడరు.

ఇంకొక మాట. మా సొంత తాత చెప్పేవాడు, వ్యవసాయ జీతాలు ఉగాది నుంచి ఉగాదికి కుదిరేవని. ఉగాది వస్తే లెక్క తేల్చాలి, ఉంటావా పోతావా అని అడగాలి. అప్పులో కూరుకుపోయిన జీతగానికి ఆ ప్రశ్న పేరుకే ఉండేది, ఆ కాలం గొప్పదని నేను అనడం లేదు. అందులో ఎంత అన్యాయం ఉందో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కాని అంత అన్యాయమైన ఏర్పాటులో కూడా ఏడాదికోసారి అడిగే రోజంటూ ఒకటి ఉండేది.

సరే, మోసపోయి చేరాం అనుకుందాం. తెలిసి తెలిసి ఎందుకు ఆపం? ఇక్కడ పరిశోధకుల మాట వినాలి.

స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఒక పరిశోధన వెలువరించారు. అమెరికాలో మూడు జిమ్‌లు, 7,752 మంది సభ్యులు. నెలసరి సభ్యత్వం తీసుకున్నవాళ్లు నెలకు 70 డాలర్లకు పైగా కట్టారు. జిమ్‌కు వెళ్లింది సగటున నెలకు నాలుగు సార్లకు కాస్త ఎక్కువ. అంటే వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్లు పడినట్టు. అదే జిమ్‌లో పదిసార్ల పాస్ కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లే. అంతకంటే నన్ను పట్టి కూర్చోబెట్టిన విషయం ఇంకోటి ఉంది. ఆ జిమ్‌లలో ఏడాది సభ్యత్వం గడువు తీరితే ఆగిపోయేది, నెలసరిది మాత్రం దానంతటదే కొనసాగేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చని ఎక్కువ రేటు పెట్టి నెలసరి తీసుకున్నవాళ్లే, ఏడాది తర్వాత కూడా ఉండిపోయే అవకాశం ఏడాది సభ్యుల కంటే 17 శాతం ఎక్కువగా కనబడింది. మానే స్వేచ్ఛ కోసం అదనంగా డబ్బు కట్టినవాళ్లే మానలేదు. చివరిసారి జిమ్‌కు వెళ్లిన రోజుకూ, రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున రెండు నెలలకు పైగా గడిచింది.

దీన్ని బద్ధకం అని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. హనుమకొండలో ఎంతమంది పిల్లలు గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదువుతున్నారో మీకు తెలుసు. మా పాత విద్యార్థి ఒకడు ఒక టెస్ట్ సిరీస్‌కు నెలనెలా కడుతున్నాడు. పరీక్ష రాసి ఆరు నెలలైంది, ఒక ప్రైవేటు దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు, ఆ టెస్టులు తెరిచి చూసిందే లేదు. ఎందుకు ఆపలేదురా అంటే, "ఆపేస్తే నేను ప్రిపరేషన్ బంద్ చేసినట్టే గద మేడమ్" అన్నాడు. వాడు కడుతున్నది టెస్టుల కోసం కాదు. రద్దు బటన్ నొక్కితే వాడు వదులుకునేది ఒక ఆశను. పిల్లకు పెట్టించిన సంగీతం క్లాసు, తెరవని ఇంగ్లిష్ యాప్, మోకాళ్ల నొప్పులకు యోగా, ప్రతి ఇంట్లో ఇలాంటివి ఉంటాయి. వచ్చే నెల నుంచి మొదలుపెడదాం అనుకుంటాం. కంపెనీకి లాభం తెచ్చేది ఆ "వచ్చే నెల".

మరచిపోవడం కూడా ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. చందా సేవల మీద అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో, కార్డు గడువు తీరి కొత్త కార్డు వచ్చిన నెలలో చందాల రద్దులు ఒక్కసారిగా పెరిగాయని తేలింది. సేవ ఆ నెలలో చెడిపోలేదు, ధర పెరగలేదు. కొత్త కార్డు వివరాలు ఇవ్వండి అని అడిగారు, అంతే. అడగ్గానే జనం "అక్కర్లేదు" అన్నారు. అప్పటిదాకా అది అవసరమనుకుని ఉంచుకోలేదన్నమాట, ఎవరూ అడగక ఉండిపోయింది.

చిన్న మొత్తం అన్నది మూడో సంగతి. నెలకు 149 అంటే రోజుకు ఐదు రూపాయలు, టీ డబ్బులు కూడా కాదు అంటారు అమ్మేవాళ్లు. ఏడాదికి 1,788. ఉగాదికి ఉగాదికి మా బాపు దగ్గరకు వచ్చి 1,788 రూపాయలు ఇవ్వు, జాతకం చెప్తాను అంటే ఆయన గుమ్మం కూడా ఎక్కనిచ్చేవారు కాదు. ఇంక సిగ్గు. మోసపోయానని కొడుకుకో కూతురికో చెప్పుకోవడానికి పెద్దవాళ్లు ఎంత మొహమాటపడతారో చూస్తున్నాం. "మీకెందుకు ఆ ఫోన్" అని ఎవరైనా అంటారేమో అన్న భయంతో నెలనెలా కట్టేవాళ్లున్నారు. ఇంట్లో పిల్లలు దయచేసి ఆ మాట అనకండి.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు 2019లో కార్డులకు, 2020 మొదట్లో యూపీఐకి ఈ ఆటో డెబిట్‌ల మీద నిబంధనలు తెచ్చింది. 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలు చేసింది. ఆ నెలలో చాలామందికి ఆటో పేమెంట్లు ఫెయిలయ్యాయి, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ నిబంధనల ప్రకారం డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. ఎవరు తీస్తున్నారు, ఎంత, ఏ రోజున, ఎందుకు అన్నది అందులో ఉండాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. మామూలు చెల్లింపుల్లో ఒక్కోసారికి 15,000 రూపాయలు దాటితే మళ్లీ పిన్ లేదా ఓటీపీ అడగాలి. 2022కు ముందు ఆ పరిమితి 5,000 ఉండేది.

మంచి నియమమే, కాని బాపు ఫోన్‌లో వెతికితే ఆ మెసేజ్‌లు ఉన్నాయి. ప్లాట్ల ప్రకటనలు, లోన్ ప్రకటనల మధ్య, ఇంగ్లిష్‌లో. ఆయన ఉర్దూ మీడియంలో చదువుకున్నారు, తెలుగు బాగా చదువుతారు, ఇంగ్లిష్‌లో స్టేషన్ పేర్లు, నంబర్లు చదవగలరు. అర్థం కాని భాషలో ఇరవై నాలుగు గంటల ముందు చెప్పినా, ఇరవై నాలుగు రోజుల ముందు చెప్పినా ఒకటే. మెసేజ్ ఏ భాషలో కావాలో ఖాతాదారుణ్ని అడిగి ఆ భాషలో పంపడం బ్యాంకులకు అసాధ్యమైన పని కాదు. నేను గట్టిగా అడుగుతున్నది ఇదే. నిజానికి ఇవాళ్టి నా ప్రసంగమంతా దీని కోసమే అనుకున్నా ఫర్వాలేదు.

కంపెనీల వైపు చూస్తే, 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. పదమూడు రకాల మాయదారి పద్ధతులను పేర్లు పెట్టి నిషేధించింది. అందులో ఒకటి చందా ఉచ్చు. రద్దు చేసుకునే దారిని దాచిపెట్టడం, మెలికలు తిప్పడం దాని కిందికి వస్తాయి. ఉచితంగా ఇస్తామంటూ ముందే ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడం కూడా వస్తుంది. ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో అమెజాన్ తన ప్రైమ్ చందా విషయంలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. జర్మనీలో 2022 జూలై నుంచి వెబ్‌సైట్‌లో చందా అమ్మే కంపెనీ రద్దు బటన్ కూడా అక్కడే పెట్టాలి. మా అవ్వకూ పాల తాతకూ మధ్య ఉన్న రివాజును వాళ్లు చట్టంగా రాసుకున్నారు, నాకు అలా అనిపించింది.

ఇంత చెప్పానని ఆటో డెబిట్‌లన్నీ తీసేయకండి. ఇంటికి వెళ్లి అన్నీ ఒకేసారి రద్దు చేస్తారేమోనని నాకు భయం కూడా ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతి 436 రూపాయలు. 2015లో మొదలయ్యాయి, ఒక్కోదానికి రెండు లక్షల బీమా. జూన్ 1 నుంచి మే 31 వరకు వాటి ఏడాది. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే ఆ రక్షణ ఆగిపోతుంది. కూలికి వెళ్లే మనిషి ఏటా గుర్తుపెట్టుకుని బ్యాంకుకు వచ్చి ఫారం నింపడం జరిగే పని కాదు. అక్కడ దానంతటదే కొనసాగడం వల్లే ఆ కుటుంబానికి ఆసరా ఉంటోంది. మన మరుపు ఎవరికి పనికొస్తోంది అన్నది చూడాలి. అందులో కూడా, రెండు బ్యాంకుల్లో చేరి రెండుచోట్లా ప్రీమియం పోతున్నవాళ్లున్నారు. క్లెయిమ్ మాత్రం ఒక్కచోటే వస్తుంది. కాబట్టి పాస్‌బుక్‌లో మే, జూన్ పేజీలు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఒక చిన్న పని చేద్దాం, ఇక్కడే. ఫోన్లు తీయండి. మీరు డబ్బులు పంపే యాప్ ఏదైనా సరే తెరవండి. మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే కింద ఆటోపే అనో, మాండేట్లు అనో ఉంటుంది. పిల్లలూ, మీరు వెనుక నిలబడకండి, ముందుకు వచ్చి ఒక్కొక్కరు ఇద్దరు పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. అందులో కంపెనీ పేరు, మొత్తం, తర్వాతి తారీఖు కనిపిస్తాయి. ఏదీ తొందరపడి రద్దు చేయకండి. ఇది లోన్ కిస్తీయా, బీమానా, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ (SIP) పొదుపా అని ముందు పిల్లలను అడగండి. ఏమిటో అర్థం కాని పేరు ఉంటే కాగితం మీద రాసుకోండి. డబ్బు అన్యాయంగా పోయిందనుకుంటే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే కేసు వేయడానికి ఫీజు లేదు. 149 రూపాయలకు కేసా అని సిగ్గుపడకండి.

బాపు విషయంలో నేను ఆటోపే రద్దు చేసి, ఆ కంపెనీకి రాశాను. చివరి రెండు నెలల డబ్బు తిరిగి వచ్చింది, మిగతా పన్నెండు నెలలది రాలేదు. ఆ రోజు నుంచి ప్రతి నెలా ఎనిమిదో తారీఖున ఇద్దరం కూర్చుని ఆయన మెసేజ్‌లు చదువుతాం. అవ్వ లేదు కాని, ఆమె క్యాలెండర్ తగిలించిన మేకు ఇంకా గోడకు ఉంది. దానికే ఒక కొత్త క్యాలెండర్ తగిలించి, ఏ తారీఖున ఎవరు ఎంత తీసుకుంటారో బాపే తెలుగులో రాస్తున్నారు. మొన్న కరెంటు బిల్లు రెండుసార్లు పోయిందని నాకంటే ముందు ఆయనే పట్టుకున్నారు.

అక్కడ నాలుగో వరుసలో అమ్మ చెయ్యెత్తారు. చెప్పండమ్మా, ఏం పేరు కనిపించింది? ఎన్ని నెలల నుంచి?